శనివారం లెక్క

పలాసలో రైలు కట్ట పక్కన జీడిపిక్కల ఫ్యాక్టరీ.
బట్టీ పొగ మేడెక్కి
ఆఫీసు కిటికీలోంచి లోపలికొస్తోంది.
ప్లాస్టిక్ స్టూలు మీద నేను,
ఒళ్లో కీబోర్డు,
ఎదురుగా మూత విప్పిన సర్వర్,
లోపల నాలుగు డిస్కులు, వాటి మీద మసి.

బుధవారం రాత్రి పిడుగు పడిందట.
పాత కంట్రోలర్ కార్డు కాలి కంపు కొట్టిందట.
విశాఖపట్నం నుంచి వేరే కంపెనీది తెప్పించి
"బిగించీసినాం బాబూ, ఏటీ కనపడ్నేదు" అంటూ
గుమస్తా వల్లభరావు గారు
మూడోసారి టీ పోయించారు.

తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా దిగి
ఒకచోట ఆగిపోతున్నాయి:
రూట్ దొరకలేదు.
కింద ఒంటరిగా కర్సర్.
స్లాట్లన్నీ తడిమి చూస్తే కార్డు ఉంది.
తన కంపెనీ నంబరూ, రకం నంబరూ చెబుతూనే ఉంది.
దానితో మాట్లాడే డ్రైవరే లేదు.
అర్ధరాత్రి స్టేషన్లో దిగిన మనిషిని
కూలీ చూసినట్టు చూసి
కెర్నెల్ అటు తిరిగి పడుకుంది.

కెర్నెల్ అంటే పప్పు, షెల్ అంటే పెంకు.
ఎవరో మా పలాస వచ్చి పేర్లు పట్టుకెళ్లారని
కాలేజీలో నవ్వుకునేవాణ్ని.
ఇవాళ పెంకు చేతిలో ఉంది.
పప్పు రానంటోంది.

గుమ్మం దగ్గర ఢిల్లమ్మ.
గోళ్ల కింద నల్లటి జీడి,
బూడిద రాసినా పోని మచ్చలు.
"వారం లెక్క అందులోనే ఉండిపోనాదట గదా బాబూ?"
"ఉందమ్మా. డిస్కులు బాగానే ఉన్నాయి."
"ఉంటే మరేటి?"
"మిషను వాటిని గుర్తుపట్టట్లేదు."
నవ్వింది.
గోడకున్న వేలిముద్రల పెట్టె వైపు గడ్డం ఎత్తింది.
"నన్నూ అంతే. పిక్కలు కొట్టీ కొట్టీ
గీతలన్నీ అరిగిపోనాయి.
నానే నానంటే అది ఒప్పుకోదు.
గుమస్తాబాబు వచ్చి అవునంటే
అప్పుడు నాను ఉన్నట్టు."

తల దించుకుని పెన్‌డ్రైవ్ గుచ్చాను.
డ్రైవర్ సోర్సు, కెర్నెల్ హెడర్లు.
వెర్షన్లు చివరి అంకె దాకా కలవాలి,
కలవలేదు.
ఫోను నెట్ మీద మళ్లీ దించుతుంటే
భువనేశ్వర్ బండి వచ్చి, ఆగి, వెళ్లిపోయింది,
ఆకుపచ్చ గీత సగం దాటలేదు.
ఎప్పటికో కంపైల్ అయింది. మాడ్యూల్ ఎక్కించాను.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత డిస్కులు ఒకటొకటిగా
గొంతు సవరించుకున్నాయి.
వల్లభరావు గారు వాటికి దండం పెట్టారు.

రీబూట్ చేశాను.
రూట్ దొరకలేదు.

తప్పు నాదే.
డ్రైవర్‌ని డిస్కులో పెట్టాను,
డిస్కు తెరవాలంటే డ్రైవర్ కావాలి.
తాళంచెవి బీరువాలో పెట్టి
బీరువా నొక్కేసినట్టు.
అన్నిటికన్నా ముందు మేలుకునే చిన్న మూట ఒకటుంటుంది.
పొద్దున్నే పనికి పోయే ఆడాళ్లు
రాత్రే అంబలి క్యారేజీ గుమ్మంలో పెట్టుకున్నట్టు
డ్రైవర్‌ని అందులో సర్దాలి.
విప్పి, సర్ది, మళ్లీ కట్టాను.

ఈసారి ఆగలేదు.

లెక్కల పట్టీ తెరుచుకుంది.
ఢిల్లమ్మ లోపలికి రాలేదు, గుమ్మంలోంచే
"మంగళారం ఎంతుంది?" అంది.
పదకొండు కిలోలు.
"పదమూడు."
కొంగు ముడి విప్పి చెయ్యి చాపింది.
పదమూడు పిక్కలు, కిలోకొకటి.
వల్లభరావు గారు తెరను చూశారు, నన్ను చూశారు.
"మిషను సెప్పిందే గదేటమ్మా,
దానికి అబద్ధమాడ్డం తెల్దు."

పొద్దుట్నుంచి దాని నోరు తెరిపించింది నేను.
పదకొండని అదే చెబుతోంది, స్పష్టంగా,
ఒక్క సెక్టారు కూడా చెడకుండా.

ఆమె పిక్కల్ని మళ్లీ ముడేసుకుంది.
నాకు డబ్బులిచ్చి, పైన పావుకిలో
గుండు పప్పు పొట్లం కట్టారు.
కాశీబుగ్గ గేటు పడింది.
గూడ్సు పెట్టెలు లెక్కపెట్టడం మొదలెట్టాను,
యాభై దాటాక ఎక్కడో తప్పిపోయాను.

పొట్లం ఇంకా బండి డిక్కీలోనే ఉంది.